అర్థమైందన్నారు, పుస్తకం మాత్రం మారలేదు

ప్రశ్న: నమస్కారమండీ. నా పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లా పాతపట్నం దగ్గర. పెళ్లయ్యాక ఒడిశాలోని గజపతి జిల్లా కాశీనగర్ ప్రాంతానికి వచ్చాను. ఇక్కడ ఒక స్వచ్ఛంద సంస్థలో పని చేస్తున్నాను. మహిళా గ్రూపుల అధ్యక్షురాళ్లకు, కార్యదర్శులకు లెక్కల పుస్తకాలు రాయడం, అప్పుల మీద వడ్డీ కట్టడం, ఫోనులో డబ్బు పంపడం నేర్పించమని రెండు రోజుల శిక్షణ నాకు అప్పగించారు. మొదటిది పంచాయతీ ఆఫీసులో పెట్టాం. నలభై మంది వచ్చారు. ప్రొజెక్టర్ పెట్టి పదిహేడు అంశాలు వరసగా చెప్పాను. మధ్యలో కరెంటు పోయింది. ‘అర్థమైందా?’ అని అడిగినప్పుడల్లా అందరూ ‘అర్థమైంది’ అన్నారు. రెండో రోజు భోజనాలయ్యాక సగం మంది వెళ్లిపోయారు. నెల తర్వాత నాలుగు గ్రూపులకు వెళ్లి పుస్తకాలు చూస్తే ఒక్క గీత కూడా మారలేదు. వచ్చినవారిలో తెలుగువారు, ఒడియావారు, అయిదారుగురు సవర తెగ మహిళలు ఉన్నారు. కొందరికి సంతకం తప్ప ఏమీ రాదు. ఒక పెద్దావిడ నా ప్రతి మాటకూ అడ్డం వస్తూ ‘నువ్వు పలక పట్టుకుని బడికి వెళ్లే రోజుల నుంచీ మా గ్రూపు నడుస్తోంది’ అన్నారు. అందరూ నవ్వారు. దినభత్యం కోసమే వచ్చారేమో అనిపించింది. వచ్చే నెలలో మరో రెండు శిక్షణలు ఉన్నాయి. ఎలా చేయమంటారు?

సమాధానం: అమ్మా, ముందు ఒక మాట. మీరు నెల తర్వాత వెళ్లి ఆ పుస్తకాలు తెరిచి చూశారు. శిక్షణ ఇచ్చేవారిలో ఎక్కువమంది హాజరు పట్టీ, నాలుగు ఫొటోలు ఆఫీసుకు పంపి, అక్కడితో పని అయిపోయిందనుకుంటారు. మీరు అలా అనుకోలేదు కాబట్టే మీకు ఈ బాధ. ఈ బాధ మంచిది. దీన్ని పట్టుకునే మిగతాదంతా సరిచేసుకోవచ్చు.

మీరు చెప్పడంలో లోపం ఉందని నాకు అనిపించలేదు. మీ ఉత్తరంలో మీరు ఏం చెప్పారో వివరంగా ఉంది. ఆ రెండు రోజుల్లో ఆ మహిళలు తమ చేతులతో ఏం చేశారో మాత్రం ఒక్క వాక్యం కూడా లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వారు విన్నారు. విన్నది ఎంత ముఖ్యమైనదైనా, పెన్ను పట్టుకుని తమ గ్రూపు పుస్తకంలో ఒక పేజీ రాయకుండా ఇంటికి వెళ్లినవారికి మర్నాటికి మిగిలేది కొద్దిగానే. వచ్చే శిక్షణను ఒకే ప్రశ్న మీద నిలబెట్టండి: తర్వాతి గ్రూపు సమావేశంలో ఈ మహిళ ఇప్పటిదాకా చేయని ఏ పనిని సొంతంగా చేయగలగాలి? దానికి సమాధానం దొరికాక, ఆ పనికి అక్కరలేనిదంతా తీసి పక్కన పెట్టండి. పదిహేడు అంశాల్లో పదిహేను పోతాయి. పోనివ్వండి.

ఆ ఒక్క పని ఏదో ఆఫీసులో కూర్చుంటే తెలియదు. శిక్షణకు పది రోజుల ముందు, రాబోయే గ్రూపుల్లో మూడు నాలుగింటి సమావేశాలకు వెళ్లి ఒక మూల కూర్చోండి. సలహాలు ఇవ్వకండి, తప్పులు పట్టకండి. పుస్తకాలు అడిగి చూడండి. నేను చూసిన చోట్ల సాధారణంగా కనిపించేవి ఇవి: లెడ్జరులో రాస్తారు గాని సభ్యురాలి పాస్‌బుక్ ఖాళీగా ఉంటుంది. పొదుపు కింద కట్టినదీ అప్పు కింద కట్టినదీ ఒకే అంకెగా కలిపి రాసేస్తారు. అప్పు ఇస్తారు, తీర్మానాల పుస్తకంలో దాని ఊసే ఉండదు. చాలా గ్రూపుల్లో పుస్తకం రాసేది గ్రూపు సభ్యురాలే కాదు. పదో తరగతి చదివిన ఎవరి కొడుకో, మరిదో. మీ గ్రూపుల్లోనూ అదే పరిస్థితి అయితే, మీరు నలభై మందికి పుస్తకం రాయడం నేర్పారు, రాసే మనిషి మాత్రం ఆ గదిలో లేడు. అప్పుడు మీ శిక్షణ లక్ష్యమే మారాలి. రాయించుకునే మహిళ, రాసినది సరిగ్గా ఉందో లేదో చూసుకోగలగాలి. తన పేరు ఎదుట ఉన్న మూడు అంకెలు, అంటే పొదుపు, కట్టిన అసలు, మిగిలిన అప్పు, వీటిని వేలు పెట్టి చూపించగలిగితే చాలు. దీనికి చదువు అవసరం లేదు, అంకెలు గుర్తుపడితే సరిపోతుంది. సంత చేసే మనిషికి అంకెలు తెలియకుండా ఉండవు.

ఇదే పెద్దవారికి నేర్పడంలోని అసలు సంగతి. పిల్లవాడు ఎప్పుడో పనికొస్తుందని నమ్మి ఎక్కాలు చదువుతాడు. పెద్దవారు అలా చదవరు. అమెరికాలో వయోజన విద్య గురించి జీవితమంతా ఆలోచించిన మాల్కమ్ నోల్స్ చెప్పిన వాటిలో రెండు మాటలు నాకు చాలా పనికొచ్చాయి: పెద్దవారు తమకు ఇప్పుడు ఉన్న చిక్కును విడదీసేదాన్నే నేర్చుకుంటారు, వారి అనుభవమే వారికి పెద్ద పాఠ్యపుస్తకం. పుస్తకాల మాట ఎందుకు, పొలాల్లోనే చూడండి. 1989లో ఇండోనేషియాలో వరికి సుడిదోమ పట్టి, మందులు కొట్టిన కొద్దీ ఎక్కువవుతుంటే, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో రైతులకు మడిలోనే బడి పెట్టారు. వారానికి ఒకసారి గట్టు మీద కలవడం, మొక్క మొక్కకూ పురుగులు లెక్కపెట్టడం, వాటిలో మిత్రులు ఎన్ని, శత్రువులు ఎన్ని అని బొమ్మ గీసుకోవడం, మందు కొట్టాలా వద్దా అని తామే తేల్చుకోవడం. అదే మన ఆంధ్రలో పొలంబడిగా వచ్చింది. శ్రీకాకుళం వైపు మీ చుట్టాల్లో ఎవరైనా పొలంబడికి వెళ్లి ఉంటే అడగండి, ఉపన్యాసం గుర్తుండదు గాని పురుగుల్ని లెక్కపెట్టడం గుర్తుంటుంది.

ఇక వడ్డీ లెక్క. మీ పదిహేడు అంశాల్లో ఒకటే ఉంచమంటే నేను దీన్నే ఉంచుతాను. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

మీరు తెరమీద ‘ఏడాదికి 12 శాతం’ అని చూపించి ఉంటారు. ఆ గదిలో ఉన్న వారందరికీ ‘నూటికి రూపాయి వడ్డీ’ పుట్టినప్పటి నుంచీ తెలుసు. నెలకు నూటికి రూపాయి అంటే ఏడాదికి 12 శాతమే. అక్కడి నుంచి మొదలుపెట్టండి. ‘పదివేలు రూపాయి వడ్డీకి తీసుకుంటే నెలకు ఎంత?’ అని అడగండి. కాగితం లేకుండా వంద అని చెప్పేస్తారు, సంతకం మాత్రమే వచ్చిన అమ్మతో సహా. ఆ క్షణంలో గదిలో ఎవరు చదివినవారో ఎవరు చదవనివారో తేడా ఉండదు.

తర్వాత అయిదుగురు చొప్పున చాప మీద కూర్చోబెట్టి, ఒక్కో గుంపుకు పది చింతపిక్కలు, ఒక గిన్నెడు చిన్న గులకరాళ్లు ఇవ్వండి. చింతపిక్క అంటే వెయ్యి రూపాయల అసలు. గులకరాయి అంటే పది రూపాయల వడ్డీ. పదివేల అప్పు తీసుకుని నెలకు వెయ్యి చొప్పున పది నెలల్లో తీరుస్తున్నారు. మొదటి నెల ముందు పది పిక్కలున్నాయి, కాబట్టి పది రాళ్లు ఒక పక్కన వేయాలి. ఒక పిక్క గ్రూపు పెట్టెలోకి వెళ్తుంది. రెండో నెల తొమ్మిది పిక్కలకు తొమ్మిది రాళ్లు. మూడో నెల ఎనిమిది. ఇలా పదో నెలలో ఒక్క రాయితో ముగుస్తుంది. రాళ్లు లెక్కపెట్టమనండి: 55. అంటే 550 రూపాయలు.

ఇప్పుడు పక్కనే ఇంకో గుంపుతో రెండో పద్ధతి చేయించండి. అసలు తగ్గుతున్నా సరే, ప్రతి నెలా పది రాళ్లే వేయాలి. పది నెలలకు వంద రాళ్లు, వెయ్యి రూపాయలు. రెండు కుప్పలూ పక్కపక్కన పెట్టించి మీరు మాట్లాడడం ఆపేయండి. నిజంగా ఆపేయండి. ఎంతసేపు మౌనంగా ఉన్నా కంగారు పడకండి. ఎవరో ఒకరు ‘మన గ్రూపులో ఏ పద్ధతి?’ అని అడుగుతారు. అడగకపోతే మీరు అడగండి. అక్కడి నుంచి జరిగేదే మీ శిక్షణ. కార్యదర్శులు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు, వాదించుకుంటారు, ఫోను చేసి ఇంట్లో పుస్తకం చూడమంటారు. ఆ గొడవను అదుపు చేయాలని చూడకండి.

ఒక్కటి మాత్రం మీరు గట్టిగా చెప్పాలి, లేకపోతే గ్రూపులో తగవు పడుతుంది. అసలు మొత్తం మీద వడ్డీ తీసుకునే గ్రూపులో ఎవరో డబ్బు తినేశారని అర్థం కాదు. ఆ డబ్బు గ్రూపు నిధికే చేరుతుంది. అయితే తరచుగా అప్పు తీసుకునేది అందరిలో పేద సభ్యురాలు, పొదుపు పెరిగి లాభపడేది అప్పు అక్కరలేని సభ్యురాలు. ఇది న్యాయమా కాదా అన్నది వారు కూర్చుని తేల్చుకుని తీర్మానం రాసుకోవాల్సిన విషయం. మీరు తీర్పు చెప్పకండి. బయట ఇంటికి వచ్చి అప్పులిచ్చేవారు ‘ఫ్లాట్’ అని చెప్పే వడ్డీ ఈ రెండో కుప్పే అని మాత్రం తప్పకుండా చెప్పండి. రూపాయి వడ్డీ అని చెప్పి ఇచ్చిన ఆ పదివేల అప్పు మీద, తగ్గుతున్న అసలుతో లెక్క కడితే, నిజానికి రూపాయి డెబ్బై అయిదు పైసలకు పైగానే పడుతోంది. ఈ సంగతి ఒక్కటి వారి మనసుకు పట్టినా మీ శిక్షణ ఫలించినట్టే.

నెల్లూరు జిల్లా దూబగుంట మహిళల గురించి మీరు వినే ఉంటారు. అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడికి వెళ్లినవారు, పుస్తకంలో సారా వల్ల పాడైన సంసారం కథ చదివి, ఇది మన ఊరి కథే కదా అని లేచి 1992లో సారా దుకాణం మూయించారు. ఆ కదలిక ఊరూరా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ పాఠం ఉన్నది అక్షరాలు నేర్పే పుస్తకంలోనే. ఇంట్లో రగులుతున్న విషయం కాబట్టి ఆ అక్షరాలు అంత లోతుగా దిగాయి. అప్పు, వడ్డీ మీ మహిళల ఇళ్లలో రగులుతున్న విషయాలు. మీ చేతిలో ఉన్నది చిన్న పాఠం కాదు.

‘అర్థమైందా?’ అన్న ప్రశ్న సంగతికి వస్తాను. దయచేసి ఆ ప్రశ్నను పూర్తిగా మానేయండి. నలుగురిలో, అందులోనూ జీతం తీసుకునే అమ్మాయి ముందు, అర్థం కాలేదని ఏ గౌరవస్థురాలూ చెప్పదు. మిమ్మల్ని నొప్పించకూడదనీ చెప్పదు. అది మర్యాదే తప్ప మోసం కాదు. దానికి బదులు ‘అప్పా, ఈ పేజీలో లక్ష్మి అనే సభ్యురాలు ఇంకా ఎంత కట్టాలి, వేలు పెట్టి చూపించండి’ అనండి. లేదా ‘ఈ రోజు రాని మీ గ్రూపు ఆవిడకు ఇది ఎలా చెబుతారో పక్కవారికి చెప్పి చూపించండి’ అనండి. చూపించలేకపోతే మీకు వెంటనే తెలుస్తుంది, ఆవిడకు అవమానమూ జరగదు. గ్రూపు పాటించాల్సిన అయిదు నియమాలను, అంటే పంచసూత్రాలను, చెప్పమంటే చాలా గ్రూపులు గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతాయి, అయిదో సూత్రమైన పుస్తక నిర్వహణతో సహా. పుస్తకం తెరిస్తే మూడు నెలలుగా ఖాళీ. నోటికి రావడం వేరు, చేతికి రావడం వేరు.

పేజీ రాయించేటప్పుడు ఖాళీ పేజీ ఇచ్చి రాయమనకండి. భయపడతారు. ముందు పూర్తిగా రాసిన పేజీ ఇచ్చి, ఏ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో వారితోనే చెప్పించండి. తర్వాత అదే పేజీలో రెండు గళ్లు ఖాళీగా ఉన్నది ఇవ్వండి. తర్వాత సగం ఖాళీ. చివర మొత్తం ఖాళీ. జాన్ స్వెల్లర్ అనే ఆస్ట్రేలియా పరిశోధకుడు 1980లలో బీజగణితం నేర్చుకునేవారి మీద పరీక్షించి, కొత్తగా నేర్చుకునేవారికి చేసి చూపిన లెక్కలను పరిశీలించడం నేరుగా లెక్కలు చేయించడం కన్నా ఎక్కువ మేలు చేస్తుందని తేల్చారు. పుస్తకం రాయడానికీ ఇది అచ్చంగా వర్తిస్తుంది. ఇంకో మాట: ఇందుకు వాడే పేజీలు వారి గ్రూపు పుస్తకాల్లోవే అయితే మంచిది. పేర్లు మార్చి, అంకెలు కాస్త మార్చి, రాసి పెట్టుకోండి. ఫలానా గ్రూపు తప్పు ఇది అని గదిలో ఎవరికీ తెలియకూడదు.

మీ రెండు రోజుల్ని విడదీయండి. ఒక రోజు ఇప్పుడు, రెండో రోజు పది పదిహేను రోజుల తర్వాత. మధ్యలో గ్రూపు సమావేశం ఒకటి వస్తుంది. అక్కడ రాసిన పేజీని రెండో రోజు తీసుకురమ్మనండి, తప్పులతోనే. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ పండితుడు తన మీద తానే ప్రయోగం చేసుకుని 1885లో చెప్పిన సంగతి ఇప్పటికీ నిలిచి ఉంది: నేర్చినదాన్ని మొదటి గంటల్లో, మొదటి రోజుల్లో చాలా వేగంగా మరచిపోతాం, తర్వాత ఆ వేగం తగ్గుతుంది. మళ్లీ చదివి గుర్తు తెచ్చుకోవడం కన్నా, చూడకుండా గుర్తు తెచ్చుకునే ప్రయత్నం చేస్తే వారం తర్వాత ఎక్కువ మిగులుతుందని రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు 2006లో విద్యార్థులతో చేసిన ప్రయోగంలో చూపించారు. కాబట్టి రెండో రోజు పొద్దున మీరు మొదటి రోజు పాఠాన్ని మళ్లీ చెప్పడంతో మొదలుపెట్టవద్దు. ‘పోయినసారి ఏం చేశాం?’ అని చింతపిక్కలు వారి ముందు పెట్టి ఊరుకోండి. తడబడతారు. ఆ తడబాటులోనే గట్టిపడుతుంది.

రెండో రోజుకు దినభత్యం, బస్సు చార్జీలు మళ్లీ ఎక్కడి నుంచి అని మీ సంస్థ అడుగుతుంది. మొత్తం రోజులు రెండే, ఖర్చు దాదాపు అదే, తేదీలే వేరు అని చెప్పండి.

భాష సంగతి మీ ప్రాంతంలో ప్రత్యేకం, బయటి పుస్తకాలు ఇందులో సాయం చేయవు. సరిహద్దులో ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మీ గ్రూపుల్లో తెలుగు గలగలా మాట్లాడే ముప్పై ఏళ్ల అమ్మాయికి తెలుగు అక్షరాలు రావు, ఒడియా అక్షరాలు వస్తాయి. పక్కన ఆంధ్ర నుంచి కోడలిగా వచ్చిన ఆవిడకు తెలుగు అక్షరాలే వస్తాయి. గ్రూపు పుస్తకాలు, బ్యాంకు కాగితాలు మాత్రం ఎక్కువగా ఒడియాలోనే ఉంటాయి. అందుకని మీరు బోర్డు మీద తెలుగులో రాసినా కొందరే చదువుతారు, ఒడియాలో రాసినా కొందరే. బోర్డు మీద అక్షరాలు తగ్గించి అంకెలు, గళ్లు, బొమ్మలు ఉంచండి. పుస్తకంలోని గడి పేర్లను, అంటే పొదుపు, అప్పు, బాకీ లాంటి ఏడెనిమిది ఒడియా మాటలను, చదవడంగా కాకుండా ఆకారంగా గుర్తుపట్టేలా ఒక్కో రంగు వేసి చూపించండి. మీకు ఒడియా రాయడం సరిగా రాకపోతే సిగ్గుపడనక్కరలేదు. వచ్చినవారిలో ఒడియా బాగా రాసే ఇద్దరిని మొదటి గంటలోనే పట్టుకుని బోర్డు పని వారికి అప్పగించండి. మీ చేతిలో సుద్దముక్క ఎంత తక్కువ సేపు ఉంటే అంత మంచిది.

సవర మహిళలను మాత్రం విడివిడిగా కూర్చోబెట్టకండి. ముగ్గురు నలుగురు ఒకేచోట ఉంటే, వారిలో తెలుగో ఒడియానో బాగా వచ్చిన ఆవిడ మిగతావారికి సవరలో చెబుతుంది. ఆ గుసగుసను గోలగా భావించి ఆపవద్దు. దానికి సమయం ఇవ్వండి. ప్రతి పని తర్వాత అయిదు నిమిషాలు ‘మీ మాటలో మీరు చెప్పుకోండి’ అని వదిలేయండి. మీ జిల్లా కేంద్రం పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి గారు ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకుని, వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పే బడులను సొంత డబ్బుతో పెట్టించారు. వందేళ్లకు ముందే ఒక బడి మాస్టారు అంత చేశారు. మన చేతిలో ఉన్నది ఆ అయిదు నిమిషాలు.

ఇంకొకటి చాలామంది గమనించరు. నలభై దాటిన మహిళ ‘నాకు చదువు రాదమ్మా’ అని పుస్తకం తోసేస్తే, ఒక్కోసారి అది చత్వారం. ఆవిడకు దగ్గరి అక్షరం కనబడదు, ఆ మాట చెప్పుకోదు. బజారులో తక్కువ ధరకు దొరికే దగ్గరి చూపు కళ్లద్దాలు మూడు నాలుగు జతలు, ఒకటిన్నర, రెండు, రెండున్నర పవర్లవి, మీ సంచిలో పెట్టుకోండి. పెట్టుకుని చూసినప్పుడు ఆవిడ ముఖం చూడండి. తర్వాత కంటి పరీక్ష చేయించుకోమని చెప్పి పంపండి.

మీకు అడ్డం వచ్చిన పెద్దావిడ గురించి. నన్నడిగితే ఆ గదిలో మీకు దొరికిన గొప్ప సాయం ఆవిడే. అన్నేళ్లు గ్రూపు నిలబెట్టిన మనిషికి, నిన్నగాక మొన్న వచ్చిన అమ్మాయి గ్రూపు అంటే ఏమిటో చెబుతుంటే కష్టంగా ఉండదా? ఆవిడ అన్నది నిజం కూడా. ఆవిడ ఉండే ఊరిలో ఈసారి శిక్షణ ఉంటే, ముందే ఇంటికి వెళ్లండి. మజ్జిగ ఇస్తే తాగండి. ‘మీ గ్రూపులో అప్పు ఎగవేసిన సందర్భం వస్తే ఎలా నెట్టుకొచ్చారు, శిక్షణలో పావుగంట చెబుతారా, పిన్నీ?’ అని అడగండి. మాట నేర్పుగా కాకుండా నిజంగా తెలుసుకోవాలనే అడగండి, ఎందుకంటే మీకు అది తెలియదు. ఆవిడ చెప్పేటప్పుడు మీరు నేల మీద కూర్చుని వినండి. పావుగంట అరగంట కావచ్చు. అరగంట దాటితే ‘ఈ మాట మీదే ఒక లెక్క చేద్దాం’ అని పని మొదలుపెట్టండి. చర్చను ఆపడానికి పని పెట్టడం కన్నా మంచి దారి నాకు తెలియదు.

దినభత్యం కోసం వచ్చారేమో అన్న మాట మీ మనసులోంచి తీసేయండి. ఒక రోజు కూలి మానుకుని వచ్చిన మహిళకు ఆ డబ్బు హక్కు. డబ్బు కోసం వచ్చినా, పనికొచ్చేది దొరికితే ఉంటుంది. రెండో రోజు మధ్యాహ్నం వెళ్లిపోయినవారు డబ్బు కోసం వెళ్లలేదు, పొయ్యి దగ్గరి పని కోసమో మేకల కోసమో వెళ్లారు. అందుకే వేళలు వారివి పెట్టండి: పది గంటలకు ముందు మొదలుపెట్టవద్దు, మూడున్నరకు వదిలేయండి. సంత రోజు వద్దు. నాట్ల రోజుల్లో, జీడిపిక్కలు ఏరే రోజుల్లో అసలు పెట్టవద్దు. నలభై మంది ఎక్కువ, ఇరవై అయిదు దాటనివ్వకండి. కుర్చీల వరసలు తీసేసి చాపలు గుండ్రంగా వేయండి. చంటిపిల్లల్ని చూసుకోవడానికి ఒకరిని పెట్టండి. గది ఎంచుకునే ముందు మరుగుదొడ్డి తలుపుకు గడియ పడుతుందో లేదో మీరే వెళ్లి చూడండి, అది లేకపోతే ఆడవారు నీళ్లు తాగకుండా కూర్చుని తలనొప్పితో ఇంటికి వెళ్తారు. ప్రొజెక్టర్ ఆఫీసులోనే ఉంచండి. ముఖ్య అతిథి తప్పదంటే సాయంత్రం చివర్లో పిలవండి, అప్పుడు మహిళలే ఆయనకు రెండు కుప్పల వడ్డీ లెక్క చూపిస్తారు. పొద్దున్నే వస్తే ఆయన గంట మాట్లాడతారు, ఆ గంట మీకు తిరిగి రాదు.

ఫోనులో డబ్బు పంపడాన్ని ఈ శిక్షణ నుంచి తీసి వేరే రోజు పెట్టమని నా గట్టి సలహా. అది లెక్కలతో కలిపి చెప్పే విషయం కాదు. చాలామంది ఖాతాలకు కలిపి ఉన్నది కొడుకు నంబరో భర్త నంబరో; ఆ చిక్కు విడిపోకుండా ఏం నేర్పినా వృథా. ఆ రోజు ఎనిమిది పది మందికి మించకుండా, ఎవరి ఫోను వారి చేతిలో ఉండేలా చూడండి. పక్కవారికి ఒక రూపాయి పంపాలి, తిరిగి ఒక రూపాయి రప్పించుకోవాలి. రూపాయి వచ్చినప్పుడు ఫోను పిన్ అడగలేదని వారి కళ్లతో వారే చూడాలి. డబ్బు పంపడానికి పిన్ కావాలి, రావడానికి అక్కర్లేదు. ‘మీకు డబ్బు వస్తుంది, పిన్ కొట్టండి’ అని ఎవరైనా అంటే మోసమని అప్పుడు వేరే చెప్పనవసరం ఉండదు. మోసం జరిగితే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలి; ఆ నంబరును మాత్రం అందరి ఫోనుల్లోనూ ఆ రోజే పేరు పెట్టి భద్రపరిపించండి.

ఇక మిగిలింది మీ ఆఫీసు. పదిహేడు అంశాలు రెండయ్యాయంటే పై అధికారి ఒప్పుకోకపోవచ్చు. వాదించకండి, లెక్క చూపండి. శిక్షణకు ముందు మీరు చూసిన నాలుగు గ్రూపుల పుస్తకాల పేజీలను వారి అనుమతితో ఫొటో తీసి పెట్టుకోండి. శిక్షణ తర్వాత రెండో సమావేశానికి వెళ్లి అవే పుస్తకాల కొత్త పేజీలు తీయండి. నివేదికలో ‘ఎంతమంది హాజరయ్యారు’ అన్న గడి పక్కన ‘ఎన్ని పాస్‌బుక్‌లు నిండాయి, ఎన్ని అప్పులకు తీర్మానం రాశారు’ అని రెండు గళ్లు మీరే గీసి నింపండి. వచ్చే నెల రెండు శిక్షణలున్నాయన్నారు కదా. మొదటిదాన్ని ఇలా, రెండోదాన్ని ఆఫీసు వారు చెప్పినట్టే పదిహేడు అంశాలతో చేయాల్సి వచ్చినా చేయండి. రెండు చోట్లా ఒకే రకంగా పేజీలు తీసి ఒకే కాగితం మీద పక్కపక్కన అతికించి ఇవ్వండి. ఫలితం ఎలా వచ్చినా నాకు రాయండి, పేజీలు కూడా పంపితే సంతోషిస్తాను.